గుండె లయ తప్పడాన్ని కనిపెట్టేందుకు అందరికీ పరీక్షలు అవసరమా, ఆ ఖర్చు గిట్టుబాటవుతుందా: తరచుగా అడిగే ప్రశ్నలు

గుండె లయ తప్పడం అంటే ఇక్కడ ఏ జబ్బు గురించి మాట్లాడుతున్నాం?

గుండె కొట్టుకునే తీరులో వచ్చే తేడాలు చాలా రకాలు. వాటిలో ఎక్కువ భాగం ప్రమాదం లేనివే. ముందుగానే కనిపెట్టి మందు వేయాలా వద్దా అనే చర్చ అంతా వాటిలో ఒక దాని చుట్టూనే నడుస్తోంది. దాని పేరు ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ఆసుపత్రుల్లో డాక్టర్లు, నర్సులు పొట్టిగా ఏఎఫ్ అంటారు కాబట్టి ఇక్కడా అదే వాడుతున్నాం. ఈ స్థితిలో గుండె పై గదులు, అంటే కర్ణికలు, ఒక పద్ధతిలో ముడుచుకోవడం మాని గజగజ వణుకుతాయి. అందువల్ల నాడి ఒక తాళానికి లోబడకుండా, ఒకసారి తొందరగా, ఒకసారి ఆలస్యంగా, ఒకసారి బలంగా, ఒకసారి నీరసంగా తగులుతుంది. పై గదుల్లో రక్తం సరిగా కదలనప్పుడు, ముఖ్యంగా ఎడమ కర్ణికకు అంటుకుని ఉండే చిన్న సంచి లాంటి భాగంలో, గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడు రక్తనాళంలో ఇరుక్కుంటే పక్షవాతం వస్తుంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణవాసులను దశాబ్దాల పాటు గమనించిన పరిశోధకులు, ఏఎఫ్ ఉన్నవారికి పక్షవాతం ముప్పు లేనివారికంటే దాదాపు 5 రెట్లు ఎక్కువని తేల్చారు.

ఏ బాధా లేనివారికి పరీక్ష చేయాలన్న ఆలోచన ఎందుకు వచ్చింది?

ఏఎఫ్ ఉన్నవారిలో చాలామందికి దడ గానీ ఆయాసం గానీ తెలియదు. కొందరిలో అది వచ్చిపోతూ ఉంటుంది. అలాంటి వారిలో కొందరికి జబ్బు సంగతి మొదటిసారి తెలిసేది పక్షవాతంతో ఆసుపత్రిలో చేరిన రోజునే. మరోవైపు, రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు ఏఎఫ్ రోగుల్లో పక్షవాతాన్ని సుమారు మూడింట రెండు వంతుల మేర తగ్గిస్తాయని చాలా ఏళ్లుగా తెలుసు. కనిపెట్టడం సులువు, మందు బాగా పనిచేస్తుంది, ఆలస్యమైతే జరిగే నష్టం పెద్దది. ఈ మూడూ కలిసినప్పుడు అందరినీ పరీక్షిస్తే పోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. చిక్కు ఈ మూడో మెట్టు దాటిన తరువాతే మొదలవుతుంది.

ఇతర దేశాల వైద్య సంస్థలు ఏమంటున్నాయి?

అవి ఏకాభిప్రాయంతో లేవు. అమెరికాలో నివారణ వైద్యంపై సిఫారసులు చేసే టాస్క్‌ఫోర్స్ 2022 జనవరిలో, 50 ఏళ్లు దాటిన, లక్షణాలు లేని వారికి ఏఎఫ్ కోసం పరీక్షలు చేయడం మంచిదో కాదో చెప్పడానికి చాలినన్ని ఆధారాలు లేవని ప్రకటించింది. బ్రిటన్ జాతీయ స్క్రీనింగ్ (బాధ లేనివారిలో జబ్బును ముందే వెతికే పరీక్షల) కమిటీ జనాభా మొత్తానికి అలాంటి కార్యక్రమాన్ని సిఫారసు చేయలేదు. యూరప్ హృద్రోగ నిపుణుల సంఘం మాత్రం 65 ఏళ్లు దాటిన వ్యక్తి ఏ పని మీద డాక్టరు దగ్గరికి వచ్చినా గుండె లయను చూడాలని గట్టిగానే చెబుతోంది. 75 దాటినవారికి, లేదా 65 దాటి బీపీ, షుగరు వంటి ఇతర ముప్పులు ఉన్నవారికి ఎక్కువ రోజుల ఈసీజీ పరీక్షను పరిశీలించవచ్చని కూడా అంటోంది. ఈ మాటలు పైకి పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. అయితే "వచ్చినవారి చెయ్యి పట్టుకుని చూడండి" అనడం ఒక సలహా, "ఊరందరినీ పిలిచి ఈసీజీలు తీయండి" అనడం మరో సలహా అని గుర్తుంచుకుంటే విరోధం చాలావరకు తగ్గిపోతుంది.

పరీక్షలు చేసి చూసిన దేశాల్లో ఏం తేలింది?

రెండు పెద్ద పరిశోధనలను వివరంగా చూడటం మంచిది. రెండూ 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వెలువడ్డాయి.

మొదటిది స్వీడన్‌లో జరిగిన స్ట్రోక్‌స్టాప్. స్టాక్‌హోమ్, హాలండ్ ప్రాంతాల్లో 75, 76 ఏళ్ల వయసున్న 28 వేల మందికి పైగా వృద్ధులను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు పరీక్షకు రమ్మని ఉత్తరాలు పంపారు. వచ్చినవారు రెండు వారాల పాటు ఇంటి దగ్గరే రోజుకు రెండుసార్లు చేతిలో పట్టుకునే చిన్న ఈసీజీ పరికరంపై వేళ్లు పెట్టాలి. పిలిచినవారిలో వచ్చింది సగం మందే. దాదాపు ఏడేళ్ల తరువాత లెక్క తీశారు. పక్షవాతం, శరీరంలో మరోచోట గడ్డ అడ్డుపడటం, ఆసుపత్రిలో చేర్చాల్సినంత రక్తస్రావం, మరణం, వీటిలో ఏదో ఒకటి పిలుపు అందని జట్టులో 33.0 శాతం మందికి, పిలుపు అందిన జట్టులో 31.9 శాతం మందికి సంభవించింది. తేడా ఉంది, కానీ అది గణాంక శాస్త్రం గీసిన గీతను అంచున దాటిన తేడా. ఆ తరువాత స్వీడన్ ఆర్థికవేత్తలు వేసిన అంచనాలో, 75 ఏళ్లవారిని పిలిచి పరీక్షించడం వల్ల మొత్తం మీద ఖర్చు తగ్గిందని, ఆరోగ్యంతో గడిపే జీవితకాలం పెరిగిందని తేలింది. అయితే పక్షవాతం వచ్చిన ప్రతి మనిషి సంరక్షణ ఖర్చునూ ప్రభుత్వమే భరించే దేశపు లెక్క అది. పొదుపు కనబడేది కూడా ఆ ఖాతాలోనే.

రెండవది డెన్మార్క్‌లో జరిగిన లూప్. 70 నుంచి 90 ఏళ్ల మధ్య ఉండి, బీపీ, షుగరు, గుండె బలహీనత, గతంలో వచ్చిన పక్షవాతం, వీటిలో కనీసం ఒకటి ఉన్న 6,004 మందిని ఎంచుకున్నారు. వారిలో నాలుగో వంతు మందికి ఛాతీ చర్మం కింద చిన్న రికార్డరు అమర్చి, ఏళ్ల తరబడి గుండె లయను నిరంతరం గమనించారు. ఇంతకంటే గట్టి నిఘా ఊహించడం కష్టం. రికార్డరు ఉన్నవారిలో 31.8 శాతం మందికి, మామూలు వైద్యం పొందినవారిలో 12.2 శాతం మందికి ఏఎఫ్ బయటపడింది. అంటే దాదాపు రెండున్నర రెట్లు. పక్షవాతం, గడ్డల ఘటనలు మాత్రం 5.6 శాతం నుంచి 4.5 శాతానికే తగ్గాయి. ఆ తగ్గుదల కాకతాళీయం కాదని చెప్పగలిగేంత బలమైనది కాదు.

అన్ని కేసులు దొరికినా పక్షవాతాలు ఆ మేరకు ఎందుకు తగ్గలేదు?

ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన ప్రశ్న ఇదే. దొరికిన ఏఎఫ్ అంతా ఒకే జాతి కాదు. డాక్టరు నాడి చూసినప్పుడో, మామూలు ఈసీజీ తీసినప్పుడో బయటపడే ఏఎఫ్ సాధారణంగా ఎక్కువ సేపు, ఎక్కువ రోజులు ఉండేది. చర్మం కింది యంత్రం పట్టుకునే ఏఎఫ్‌లో చాలా భాగం అప్పుడప్పుడూ కొద్దిసేపు వచ్చి పోయే రకం. చేపల కోసం వేసే వల కన్నులు మరీ చిన్నవైతే వల బరువెక్కుతుంది, పడినదంతా కూరకు పనికిరాదు.

ఈ అనుమానాన్ని 2023లో వెలువడిన రెండు పరిశోధనలు బలపరిచాయి. పేస్‌మేకర్ వంటి యంత్రాల్లో మాత్రమే కనిపించిన చిన్న చిన్న లయభంగాలకు రక్తం గడ్డకట్టకుండా చేసే మందు ఇస్తే ఏమవుతుందని అవి చూశాయి. నోవా అనే పరిశోధనలో ఎడోక్సాబాన్ మాత్ర వల్ల ప్రయోజనం కనబడలేదు, రక్తస్రావం మాత్రం పెరిగింది. ఆర్టీసియా అనే పరిశోధనలో ఎపిక్సాబాన్ వాడినవారిలో పక్షవాతం, గడ్డల ఘటనలు ఏడాదికి 1.24 శాతం నుంచి 0.78 శాతానికి తగ్గాయి, కానీ పెద్ద రక్తస్రావాలు 0.94 శాతం నుంచి 1.71 శాతానికి పెరిగాయి. పోల్చింది ఆస్పిరిన్ వాడినవారితో అని గమనించాలి. అసలు ముప్పే తక్కువగా ఉన్నప్పుడు ఎంత మంచి మందైనా తగ్గించేది కొంచెమే. రక్తస్రావం ముప్పు మాత్రం ప్రతి ఒక్కరికీ వస్తుంది.

రూపాయల్లో లెక్క వేసి చెప్పగలరా?

చెప్పవచ్చు, అయితే కింద వాడిన ధరలు, ముప్పు శాతాలు వివరణ కోసం అనుకున్నవేనని ముందే మనవి. మీ ఊరి ధరలు పెట్టి మీరే మళ్లీ వేసుకోండి.

65 ఏళ్లు దాటిన 1000 మందిని తీసుకుందాం. అనేక దేశాల పరిశోధనలను కలిపి చూస్తే, ఈ వయసువారికి ఒక్కసారి పరీక్ష చేసినప్పుడు అంతకుముందు తెలియని ఏఎఫ్ సుమారు 1.4 శాతం మందిలో బయటపడుతుంది. అంటే 14 మంది. ఈసీజీకి 250 రూపాయలు అనుకుంటే అందరికీ తీయడానికి 2,50,000 రూపాయలు అవుతుంది, దొరికిన ఒక్కొక్కరి మీద దాదాపు 18,000 పడుతుంది.

ఇప్పుడు ఇదే పనిని రెండు అంచెల్లో చేద్దాం. ముందు అందరికీ నాడి చూసి, లయ తప్పినట్టు తోచిన వారికే ఈసీజీ తీద్దాం. శిక్షణ ఉన్నవారు నాడి చూస్తే ఏఎఫ్ ఉన్నవారిలో 92 శాతం మందిని పట్టగలరని, లేనివారిలో 18 శాతం మందిని పొరపాటున అనుమానిస్తారని పరిశోధనల సమీక్షలో తేలింది. ఆ లెక్కన ఈసీజీ అవసరమయ్యేది సుమారు 190 మందికి, ఖర్చు 47,500 రూపాయలు, దొరికేది 13 మంది. ఒక్కొక్కరి మీద 3,700 లోపే పడుతుంది. ఒక్కరు తప్పిపోతారు, ఖర్చు ఐదో వంతుకు దిగుతుంది.

ఇంతటితో లెక్క ముగిసిందనుకుంటే పొరపాటు. దొరికిన 14 మందీ మందు వాడతారనుకుందాం. రోజుకు 40 రూపాయల మాత్రలు అనుకుంటే ఐదేళ్లలో 10 లక్షల పైచిలుకు అవుతుంది. అందరికీ ఈసీజీ తీసిన ఖర్చుకు ఇది నాలుగింతలు. మందు లేకుండా వీరికి ఏడాదికి 3 శాతం పక్షవాతం ముప్పు ఉంటుందని, మందు అందులో మూడింట రెండు వంతులు తగ్గిస్తుందని అనుకుంటే, ఐదేళ్లలో తప్పేవి ఒకటి లేదా రెండు పక్షవాతాలు. ఒక్క పక్షవాతం తప్పించడానికి సుమారు 9 లక్షలు అన్నమాట. ఇది ఎక్కువా తక్కువా? మంచం పట్టిన మనిషికి ఏళ్ల తరబడి ఫిజియోథెరపీ, ఆ మనిషిని చూసుకోవడానికి ఉద్యోగం మానుకున్న కొడుకు లేదా కోడలు, వీటన్నిటినీ కలిపిన కుటుంబానికి ఎక్కువ అనిపించదు. అదే డబ్బుతో ఎంతమంది బీపీని అదుపులో పెట్టవచ్చో లెక్క వేసే ఆరోగ్య శాఖకు ఎక్కువే అనిపిస్తుంది. రెండూ న్యాయమైన చూపులే.

పరీక్ష బిల్లు ఒక్క రోజుతో తీరిపోతుంది, మాత్రల బిల్లు ఆ రోజే మొదలవుతుంది. పరీక్ష గిట్టుబాటా కాదా అన్నది చివరికి మందు ధర మీద, దాన్ని మానకుండా వాడటం మీద ఆధారపడుతుంది. రెండు నెలలు వాడి మానేసే మనిషిలో ఏఎఫ్ కనిపెట్టడం వల్ల మిగిలేది భయమే. మన దేశంలో ఇలాంటి మందులైన రివరోక్సాబాన్, ఎపిక్సాబాన్‌ల పేటెంట్లు తీరిపోయి జనరిక్ మాత్రలు అందుబాటులోకి రావడం ఈ లెక్కను మెరుగుపరిచింది.

నాడి చూడటం ఇంట్లో నేర్చుకోవచ్చా?

తప్పకుండా. ఐదు నిమిషాలు కూర్చుని స్థిమితపడిన తరువాత, అరచేతిని పైకి పెట్టి, బొటనవేలి మొదలుకు కిందుగా మణికట్టు మీద రెండో చేతి మధ్య వేళ్లు మూడూ ఆనించాలి. బొటనవేలితో చూడకూడదు. కనీసం 30 సెకన్లు, వీలైతే నిమిషం పాటు గమనించాలి. నిమిషానికి ఎన్ని అన్నది కాదు, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సమానంగా ఉందా అన్నదే ముఖ్యం. మధ్యలో ఒక దెబ్బ తప్పి మళ్లీ సర్దుకుంటే అది చాలాసార్లు ఎక్టోపిక్ అనే హాని లేని అదనపు దెబ్బ. ఏ పద్ధతీ లేకుండా మొదటి నుంచి చివరిదాకా తాళం తప్పుతూనే ఉంటే ఈసీజీ తీయించుకోవాలి. నాడి పట్టి చూడటం మన నేలలో చాలా పాత విద్య. ఇప్పుడు చాలా క్లినిక్కులలో వేలికి క్లిప్పు తగిలించి, తెరమీది అంకె రాసుకుని పంపేస్తున్నారు. ఆ అంకె 78 అని చెబుతుంది గానీ లయ తప్పిందో లేదో చెప్పదు.

బీపీ మిషన్, స్మార్ట్ వాచీ హెచ్చరికలను నమ్మవచ్చా?

నమ్మవచ్చు, ఈసీజీ దాకా. అక్కడితో ఆగాలి. కొన్ని బీపీ మిషన్లు లయ తేడాను గుర్తించి తెరపై బొమ్మ చూపుతాయి. ఏఎఫ్ కోసమే ప్రత్యేకంగా తయారైనవి బాగానే పనిచేస్తాయి. ఇక్కడ మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. నాడి లయ తప్పినవారిలో మామూలు ఆటోమేటిక్ మిషన్ చూపే బీపీ అంకె కూడా తప్పు కావచ్చు.

వాచీల విషయంలో అమెరికాలో 4 లక్షల 19 వేల మందితో జరిగిన యాపిల్ హార్ట్ పరిశోధన ఒక కొలత ఇస్తుంది. వారిలో హెచ్చరిక వచ్చింది 0.52 శాతం మందికే. హెచ్చరిక తరువాత ఛాతీకి అంటించుకునే ఈసీజీ పట్టీ వాడి తిరిగి పంపినవారిలో 34 శాతం మందిలో ఏఎఫ్ నమోదైంది. వచ్చిపోయే జబ్బు కాబట్టి మిగిలిన హెచ్చరికలన్నీ అబద్ధాలని చెప్పలేం. నా అభ్యంతరం వేరు. వాచీ కొనేది ముప్పై ఏళ్ల ఉద్యోగి, ఏఎఫ్ ముప్పు ఉన్నది ఊళ్లో ఉన్న అతని డెబ్బై ఏళ్ల తండ్రికి. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన వాచీ నిజంగా పెద్దవారి చేతికే ఉంటే అది ఉపయోగపడవచ్చు. ఏఎఫ్ కోసమని వాచీ కొనడం మాత్రం దండగ.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి స్వీడన్‌లా ఉంటుందా?

ఉండదు, ఒక పెద్ద కారణం వల్ల. పాశ్చాత్య దేశాల్లో ఏఎఫ్ ముఖ్యంగా వృద్ధాప్యపు జబ్బు. మన దేశంలో ఆసుపత్రులకు వచ్చే ఏఎఫ్ రోగుల జాబితాలు చూస్తే సగటు వయసు 55 ప్రాంతంలో ఉంటుంది, దాదాపు సగం మందిలో మూలం రుమాటిక్ గుండె జబ్బు. చిన్నతనంలో గొంతునొప్పితో మొదలైన రుమాటిక్ జ్వరం గుండె కవాటాన్ని (వాల్వును) పాడుచేస్తుంది. ముఖ్యంగా ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం ఇరుకైపోయి, ఎడమ కర్ణిక ఉబ్బి, ముప్పై నలభై ఏళ్లకే ఏఎఫ్ వస్తుంది. వీరిలో స్త్రీలు ఎక్కువ. 65 దాటినవారిని వెతికే పథకం వీరిని చూడనే చూడదు.

పైగా వీరికి మందు కూడా వేరు. ఇన్విక్టస్ అనే పరిశోధన 2022లో వెలువడింది. రుమాటిక్ కవాట జబ్బుతో ఏఎఫ్ ఉన్నవారికి కొత్త తరం మాత్ర రివరోక్సాబాన్ కంటే పాత వార్ఫరిన్ తరహా మందులే మేలని, ఆ మందులు వాడినవారిలో మరణాలు తక్కువని అది చూపింది. మన దగ్గర ఈ తరగతిలో ఎసినోకుమరాల్ కూడా బాగా వాడుకలో ఉంది. ఈ మాత్రలు చవకే. కానీ రక్తం గడ్డకట్టే తీరును కొలిచే ఐఎన్‌ఆర్ పరీక్ష తరచుగా చేయించి అంకెను సాధారణంగా 2, 3 మధ్య ఉంచాలి. పల్లె నుంచి పరీక్ష కోసం పట్నం వెళ్లే బస్సు ఛార్జీ, పోయిన రోజు కూలి కలిపితే మాత్ర ధరను మించిపోతుంది. ఆకుకూరలు పూర్తిగా మానక్కరలేదు, కానీ ఒక వారం రోజూ, మరో వారం అసలు లేకుండా తింటే అంకె ఊగుతుంది. గర్భం ధరించే వయసులో ఉన్న స్త్రీలలో వార్ఫరిన్ పిండానికి హాని చేయవచ్చు కాబట్టి డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి.

అందుకే నా అభిప్రాయం ఇది. మన దగ్గర ఒక రూపాయి ఉంటే, దాన్ని వృద్ధులందరికీ రెండు వారాల ఈసీజీ మీద పెట్టే ముందు, రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది తప్పకుండా అందేలా చూడటం మీద పెట్టాలి. ఇప్పటికే 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరు చూసే ప్రభుత్వ కార్యక్రమం నడుస్తోంది. బీపీ పట్టీ కట్టే ఆ చేతికే ముందు అర నిమిషం నాడి చూడమని ఆరోగ్య కార్యకర్తకు నేర్పితే, కొత్త యంత్రం, కొత్త క్యాంపు అవసరం లేకుండానే చాలా పని జరుగుతుంది.

హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఈసీజీ మామూలుగా ఉంది. నాకు ఏఎఫ్ లేనట్టేనా?

ఆ పది సెకన్లలో లేదు, అంతే. వచ్చిపోయే ఏఎఫ్‌ను మామూలు ఈసీజీ పట్టలేకపోవచ్చు. అలాగని ప్రతి ఒక్కరూ వేలు పోసి హోల్టర్ (రోజంతా ఒంటి మీదే ఉండే ఈసీజీ రికార్డరు) పెట్టించుకోవాల్సిన పని లేదు. ఏ ముప్పూ లేని నలభై ఏళ్ల మనిషికి ప్యాకేజీలో భాగంగా ప్రతి ఏటా తీసే ఈసీజీ వల్ల ఈ విషయంలో ఒరిగేది చాలా తక్కువ. ఒక్కోసారి అర్థం కాని చిన్న గీత కనబడి, దాని వెనక ఎకో, ట్రెడ్‌మిల్, ఇంకో నిపుణుడు అంటూ ఖర్చు పెరుగుతుంది.

ఎవరి విషయంలో ఈ చర్చ వర్తించదు?

దడ, కారణం లేని ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఉన్నవారికి చేసేది స్క్రీనింగ్ కాదు, రోగ నిర్ధారణ. అక్కడ ఖర్చు లాభం చర్చకు తావు లేదు. పక్షవాతం వచ్చి కారణం తెలియనివారికి ఎక్కువ రోజుల ఈసీజీ పరిశీలన అవసరమని వైద్యులు అంగీకరిస్తారు. థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నవారు, కవాట జబ్బు ఉందని తెలిసినవారు, మద్యం ఎక్కువగా తీసుకునేవారు నాడిలో తేడా గమనిస్తే వయసుతో పని లేకుండా డాక్టరును కలవాలి.

ఏఎఫ్ బయటపడితే ఆస్పిరిన్ వేసుకుంటే చాలదా?

చాలదు. ఏఎఫ్ వల్ల వచ్చే పక్షవాతాన్ని ఆపడంలో ఆస్పిరిన్ బలహీనమైనది, రక్తస్రావం ముప్పు మాత్రం దానికీ ఉంది. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే మందు కాదు ఇది.

బయటపడిన ప్రతివారూ మందు వాడాలా?

అక్కరలేదు. డాక్టర్లు పక్షవాతం ముప్పును అంచనా వేసే చాడ్స్-వాస్క్ అనే స్కోరు వేస్తారు. గుండె బలహీనత, బీపీ, షుగరు, రక్తనాళాల జబ్బు, 65 నుంచి 74 మధ్య వయసు, స్త్రీ కావడం, వీటికి ఒక్కో పాయింటు. 75 నిండిన వయసుకు, గతంలో వచ్చిన పక్షవాతానికి రెండేసి పాయింట్లు ఇస్తారు. ఇతర ముప్పు ఏదీ లేని నడివయసు మనిషికి చాలాసార్లు మందు అవసరం ఉండదు. మైట్రల్ కవాటం బాగా ఇరుకైనవారికి ఈ స్కోరుతో పని లేదు, వారికి మందు ఎలాగూ తప్పదు. కిడ్నీల పనితీరు, రక్తహీనత, కడుపులో పుండ్లు, వాడుతున్న నొప్పి మాత్రలు, వీటి వివరాలన్నీ డాక్టరుకు చెప్పాలి. మోకాళ్ల నొప్పులకు రోజూ మాత్ర మింగే పెద్దవారు ఆ సంగతి చెప్పడం మరిచిపోతారు కాబట్టి, వెంట వెళ్లేవారు ఇంట్లో ఉన్న మందుల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకువెళ్లాలి.